తాతయ్య గీసిన ఇడ్లీ

ప్రశ్న: బ్యాంకు ఉద్యోగం నుంచి రిటైరై ఆరేళ్లయింది. కొడుకూ కోడలూ ఉద్యోగాలకు వెళితే సాయంత్రం ఆరున్నర దాకా మనవడూ మనవరాలూ నా అధీనంలోనే ఉంటారు. వాడికి ఆరున్నర, దానికి నాలుగున్నర. ఈ మధ్య ఇద్దరికీ గ్రహాంతరవాసుల పిచ్చి పట్టుకుంది. 'తాతయ్యా, ఏలియన్ల ఓడ వేసివ్వు' అని రోజూ ప్రాణం తీస్తున్నారు. నాకు గీత అంటే భగవద్గీత ఒక్కటే తెలుసు. మొన్న ధైర్యం చేసి ఒకటి వేశాను. మనవరాలు కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూసి 'ఇది ఇడ్లీ' అని తేల్చేసింది. మనవడు ఫోనులో వీడియో పెట్టుకుని, మధ్యమధ్యలో ఆపుకుంటూ అచ్చం దాన్నే దించుతాడు. ఒక్క గీత తేడా వచ్చినా కాగితం చిరిగేదాకా రబ్బరుతో రుద్ది ఏడుస్తాడు. చిన్నదేమో క్రేయాను నా చేతిలో పెట్టి 'నువ్వే వెయ్యి' అంటుంది. బొమ్మలు రానివాడు పిల్లలకు బొమ్మలు నేర్పగలడా? వీడియోలు మాన్పించాలా? డ్రాయింగు క్లాసులో చేర్పించడం మేలా?
— ఒక తాతయ్య, పద్మారావునగర్, హైదరాబాదు

సమాధానం: తాతయ్యగారికి నమస్కారం. ముందుగా మీ మనవరాలి తరఫున ఒక మాట. ఆ పిల్ల మిమ్మల్ని వెక్కిరించలేదు, కనిపించినదే చెప్పింది. రేపు పొద్దున ఒక ఇడ్లీని కంటికి ఎదురుగా పట్టుకుని పక్కనుంచి చూడండి. నడుమ ఉబ్బుగా, అంచుల దగ్గర పల్చగా, కింద చిన్న బొజ్జతో ఉంటుంది. బొమ్మల్లో కనిపించే ఎగిరే పళ్లేనికీ దానికీ కిటికీలే తేడా. మీరు గీసింది ఇడ్లీలా ఉందంటే సగం పని అయిపోయినట్టే. కిటికీలూ కాళ్లూ పెట్టడం ఎలాగూ మీ పని కాదు.

నేను ముప్పై ఏళ్లు బడిలో డ్రాయింగు చెప్పాను. అందులో సగం అనవసరంగా చెప్పానని మానేశాక తెలిసింది. మొదటి సంవత్సరాల్లో బోర్డు మీద ముచ్చటైన బొమ్మ వేసి 'చూసి వేయండి' అనేదాన్ని. పీరియడు ముగిసేసరికి నలభై పుస్తకాల్లో నలభై వంకర నకళ్లు, ఓ పదిమంది కళ్లల్లో నీళ్లు. నా బొమ్మ ఎంత బాగుంటే వాళ్ల ముఖాలు అంత చిన్నబోయేవి. బొమ్మలు వచ్చినవాళ్ల జబ్బే ఇది, చెయ్యి ఊరుకోదు. మీకు ఆ జబ్బు లేదు. కాబట్టి మీ మొదటి ప్రశ్నకు నా జవాబు: నేర్పగలరు, ఆ రోజుల్లో నేను నేర్పినదానికంటే బాగానే నేర్పగలరు.

'నువ్వే వెయ్యి' అన్నప్పుడు ఏం చేయాలో ముందు చెబుతాను, మీ ఇంట్లో అసలు చిక్కు అక్కడే ఉంది. ఆమె కాగితం మీద మీరు గీత పెట్టకండి. ఆమె చెయ్యి పట్టుకుని దిద్దించకండి. అక్షరాలు అలా దిద్దిస్తాం కదా అంటారేమో. 'అ' అందరికీ ఒక్కటే, ఓడ అలా కాదు. పట్టుకుని గీయించిన గీత తనది కాదని నాలుగేళ్ల పిల్లకు కూడా తెలుసు. అందుకే ఆ బొమ్మను మీ మంచం మీదే వదిలేసి పోతుంది. మీరు మరో కాగితం తీసుకుని ఆమె పక్కన కింద కూర్చోండి. మీ ఇడ్లీ మీరు గీసుకోండి. గీస్తూ గీస్తూ ఆమెను అడగండి: 'నా ఓడలో ఎవరూ లేరమ్మా, నీ ఓడలో ఎంతమంది ఉన్నారు?' లెక్క చెప్పడానికైనా క్రేయాను వెనక్కి తీసుకుంటుంది.

'ఇదేమిటి?' అని మాత్రం అడగవద్దు. ఆ ప్రశ్న వినగానే పిల్లలకు తమ బొమ్మ అర్థం కాలేదని తెలిసిపోతుంది. 'ఎవరున్నారు, ఏం తింటారు, ఎక్కడ దిగుతారు' అని అడిగితే కథ సాగుతుంది, కథ వెంట గీత సాగుతుంది.

నాలుగున్నరేళ్ల చేతికి ఏం సాధ్యమో తెలిస్తే మీకే నిమ్మళంగా ఉంటుంది. సుమారు మూడేళ్లకు పిల్లలు గుండ్రం చూసి గీయగలరు, నాలుగింటికి కూడిక గుర్తు, ఆ తరువాత చదరం, అయిదింటికి త్రిభుజం వస్తాయి. పక్కకు తిప్పిన చదరంలాంటి వజ్రం ఆకారం ఆరేడేళ్లు వస్తే తప్ప కుదరదు. ఆరు నెలలు అటూ ఇటూ కావచ్చు గానీ వరస ఇంచుమించు ఇదే. అంటే మీ మనవరాలి చేతిలో ఇప్పుడున్న సరుకు గుండ్రం, అడ్డగీత, నిలువుగీత, చుక్క. ఓడకు అవి చాలు.

అచ్చులూ హల్లులూ దిద్దిస్తున్నారా? అయితే సగం పాఠం మన లిపే చెప్పేసింది. 'ర' రాయించండి. గుండ్రటి ఒళ్లు, నెత్తిన తలకట్టు. దాని కడుపులో ఒక చుక్క పెడితే 'ఠ'. ఇప్పుడు దాన్ని అక్షరంగా కాకుండా బొమ్మగా చూడండి: గుండ్రటి ఓడ, నడుమ ఒక కిటికీ, పైన యాంటెనా. కింద రెండు పుల్లలు గీస్తే ఓడ నేల మీద దిగింది. 'ఠ ఎగిరిపోతోంది' అని మీరొక్క మాట అనండి, తక్కిన వర్ణమాలను ఆ పిల్లే ఎగరేస్తుంది. పెద్దగా గీయాలంటే పాత క్యాలెండరు తిరగేసి, ఆమె భుజం ఎత్తులో గోడకు అంటించండి. నిలబడి గీస్తే చెయ్యి భుజం నుంచి కదులుతుంది, గుండ్రాలు పెద్దవిగా, ధైర్యంగా వస్తాయి. విరిగిన క్రేయాన్లు పారేయకండి. పొడుగు క్రేయానును పిల్లలు పిడికిలితో పట్టుకుంటారు, బొటనవేలంత ముక్కను వేళ్లతో పట్టుకోక తప్పదు. రేపు పెన్సిలు పట్టుకోవడానికి ఆ పట్టే పనికొస్తుంది.

ఇక మనవడి సంగతి. ఆరున్నరకు కోరిక పెద్దది, చెయ్యి ఇంకా చిన్నది. తన కంటికి తప్పు తెలుస్తోంది, చేతికి దిద్దుకోవడం తెలియడం లేదు, రబ్బరుతో రుద్దడం అందుకే. కాబట్టి వాడికి బొమ్మ నేర్పకండి, చూడటం నేర్పండి. దానికి ఒక స్టీలు పళ్లెం చాలు.

పళ్లేన్ని వాడి ముఖానికి ఎదురుగా నిటారుగా పట్టుకోండి. 'ఏ ఆకారం?' గుండ్రం. మెల్లగా పైఅంచును వెనక్కి వాల్చండి. ఒక కన్ను మూసి చూడమనండి. గుండ్రం కాస్తా కోడిగుడ్డవుతుంది, తరువాత దోసకాయ అవుతుంది, కంటి ఎత్తుకు వచ్చి పూర్తిగా పడుకున్నాక ఒట్టి గీత అవుతుంది. ఈ ఆట నా తరగతిలో ఎన్నిసార్లు ఆడించినా, దోసకాయ దగ్గర ఎవరో ఒకరు 'పళ్లెం మారలేదు కదా!' అని అరిచేవారు. మారలేదు, చూసే చోటు మారింది. చిన్నదానికి ఈ ఆట చూపించినా పళ్లేన్ని గుండ్రంగానే వేస్తుంది, దిద్దకండి. చిన్నపిల్లలు కంటికి కనిపించింది కాక, తమకు తెలిసింది గీస్తారని ఫ్రెంచి పండితుడు లూకే 1927లోనే రాశాడు. పళ్లెం గుండ్రమని ఆమెకు తెలుసు, అంతే.

దోసకాయ దగ్గర పళ్లేన్ని ఆపి, దాని మీద ఒక గిన్నె బోర్లించండి. అదే ఓడ. గీయడంలో వరస ఒక్కటే కిటుకు: ముందున్నది ముందు, వెనకున్నది వెనక. మొదట వెడల్పాటి నవ్వు గీత ఒకటి, దాని రెండు కొసలనూ కలుపుతూ పైన ఎత్తు తక్కువ కొండ గీత ఒకటి. ఇడ్లీ అయింది. తరువాత గుమ్మటం. దీన్ని ఇడ్లీ అంచుల నుంచి మొదలుపెడితే మొత్తం గుడ్డయిపోతుంది, చాలామంది పిల్లలు తప్పేది ఇక్కడే. కొండ గీత మీద ఎడమ అంచు నుంచి బొటనవేలంత లోపలికి జరిగి పైకి లేవాలి, కుడివైపు అంతే లోపలికి దిగాలి. మీకు అరసున్న గుర్తుండే ఉంటుంది, దాన్ని బోర్లా పడుకోబెట్టినట్టు. గుమ్మటం ముందు గీసి పళ్లెం తరువాత గీస్తే గీతలు ఒకదాన్నొకటి దాటుతాయి, మళ్లీ రబ్బరు, మళ్లీ ఏడుపు.

కిటికీల్లో ఒక చిన్న మాయ ఉంది. బొజ్జ పొడవునా వరసగా గుండ్రాలు పెట్టమనండి, నడుమది అన్నిటికంటే పెద్దది, అంచులకు పోయినకొద్దీ చిన్నవి, ఒకదానికొకటి దగ్గరగా. చప్పిడిగా ఉన్న ఇడ్లీ ఒక్కసారిగా గుండ్రంగా తిరిగినట్టు కనిపిస్తుంది. వాడు తలెత్తి మీ వైపు చూస్తాడు చూడండి, ఆ చూపు కోసమే నేను ముప్పై ఏళ్లు ఈ ఉద్యోగం చేశాను. కాళ్లు మూడు, మన ముక్కాలి పీటకు ఉన్నట్టు. మధ్య కాలు మనకు దగ్గర కనుక దాని పాదం మిగతా రెండింటికంటే కొంచెం కిందికి దిగాలి. మూడే ఎందుకని అడుగుతాడు. ఎగుడుదిగుడు నేల మీద నాలుగు కాళ్ల కుర్చీ ఊగుతుంది, ముక్కాలి పీట ఊగదు. ఇంట్లో ముక్కాలి పీట లేకపోతే కెమెరా స్టాండు చూపించండి.

రబ్బరును కొన్నాళ్లు అలమరాలో పెట్టి తాళం వేయండి. బదులుగా పలక, బలపం కొనివ్వండి. పలక మీద తప్పుకు విలువ లేదు, తడిగుడ్డతో తుడిస్తే పోయింది, కాగితం చిరగదు, పరువు పోదు. పది ఓడలు పలక మీద, ఒకటి కాగితం మీద. కాగితం మీద స్కెచ్ పెన్నుతోనే వేయమనండి. గీత జారిందా? ఉల్క తగిలి ఓడకు సొట్ట పడిందనండి. మన వీధిలో సొట్ట లేని ఆటో ఎక్కడుంది, అన్ని కోట్ల మైళ్లు తిరిగే ఓడకు ఉండదా? మొదటి రెండు రోజులు వాడు ఒప్పుకోడు. మీ బొమ్మలో మీరే కావాలని ఒక సొట్ట పెట్టి, దాని మీద పట్టీ వేసి చూపించండి. మూడో రోజుకు సొట్టలు లేని ఓడ దొరకదు.

వీడియోలు మాన్పించనక్కర్లేదు, ఆపుకుంటూ చూడటం మాన్పించండి. ఆపి, దించి, మళ్లీ నడిపి, మళ్లీ ఆపి గీస్తున్నంతసేపూ పిల్లవాడి కన్ను తన చేతి మీద ఉండదు, ఫోను మీద ఉంటుంది. పైగా వీడియోలో గీసే చెయ్యి పెద్దవాళ్లది, పాడైన కాగితాలన్నీ కత్తిరించి పారేసిన చెయ్యి. ఒక్కసారి మొదటి నుంచి చివరిదాకా చూడనివ్వండి. తరువాత ఫోను మీ చొక్కా జేబులోకి. ఇప్పుడు గుర్తున్నంత గీయమనండి. గుర్తులేని చోట సొంతది పెడతాడు. బొమ్మలో వాడిదంటూ ఉండేది ఆ మరిచిపోయిన భాగమే.

క్లాసు సంగతి అంటారా, ఈ వయసుకు అక్కర్లేదు. ఆ ఫీజుతో డ్రాయింగు షీట్లు కొనండి.

ఒకటి ముందే హెచ్చరించాలి. కొన్నాళ్లకు మనవరాలి ఓడకు గోడలు ఉండవు. లోపల ఉన్నవన్నీ బయటికి కనిపిస్తుంటాయి: మంచాలు, పొయ్యి, కడుపులో అన్నంతో సహా మనుషులు. కంగారు పడకండి, ఈ వయసు పిల్లలు ప్రపంచమంతటా ఎక్స్‌రే తీసినట్టే గీస్తారు. ఒక వేసవిలో మా తరగతిలో ఒక పిల్లవాడు ఇలాంటి ఓడే వేశాడు. లోపల కుక్కరు, స్నానాల గది, బట్టలు ఆరేసిన తీగ. ఓడ అడుగు నుంచి ఒక లావు గొట్టం భూమి మీదికి దిగింది. దాని కొస వెళ్లి వెళ్లి ఒక లారీలో ఉంది. ఏమిట్రా అంటే, 'వాళ్లకు కూడా నీళ్ల ట్యాంకరు వచ్చింది టీచర్' అన్నాడు. ఆ నెలలో మా కాలనీలన్నీ ట్యాంకరు కోసం బిందెలు పట్టుకుని నిలబడుతున్నాయి. ఆ బొమ్మ ఇప్పటికీ నా దగ్గరే ఉంది. వాడు బోర్డు మీది నా ఓడను చూసి దించి ఉంటే ఆ గొట్టం ఉండేది కాదు.

ఇంతకూ ఓడ పళ్లెంలాగే ఎందుకుండాలి అని మనవడు ఏదో ఒక రోజు అడుగుతాడు. అడిగితే ఈ కథ చెప్పండి. 1947 జూన్ 24న అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రంలో, మౌంట్ రెయినియర్ అనే కొండ దగ్గర కెనెత్ ఆర్నాల్డ్ అనే పైలట్ తన చిన్న విమానంలో పోతూ తొమ్మిది మెరిసే వస్తువులు వేగంగా వెళ్లడం చూశానన్నాడు. నీళ్ల మీదికి సాసరు విసిరితే ఎలా పోతుందో అలా కదిలాయని వాటి నడక గురించి చెప్పానని ఆయన తరువాత వివరించుకున్నాడు. మనం చెరువులో పెంకు విసిరితే కప్పగంతులు వేస్తూ పోదూ, అలాగన్నమాట. పత్రికలకు మాత్రం సాసరు మాట నచ్చింది. 'ఎగిరే సాసర్లు' అని శీర్షికలు వచ్చాయి, లోకం మొత్తానికీ గ్రహాంతరవాసుల బండి సాసరు అయిపోయింది. సాసరంటే ఏమిటో ఈ కాలం పిల్లలకు తెలియదు, అందరూ మగ్గుల్లోనే తాగుతున్నారు. ఒక సాయంత్రం ఇరానీ హోటలుకు తీసుకెళ్లి, చాయ్ సాసరులో పోసుకుని తాగి చూపించండి. బిస్కెట్లు వాళ్లకు, పాఠమూ వాళ్లకే. ఆ రోజు ఆ పైలట్ 'బంగాళాదుంపల బస్తా దొర్లినట్టు' అని ఉంటే మనం ఇవాళ ఏం గీస్తూ ఉండేవాళ్లమో వాణ్ణే గీయమనండి.

బంగాళాదుంప అన్నాను కనుక, ఓడ దిగే నేల కూడా చెప్పేస్తాను. వీడియోల్లో ఎప్పుడూ గుంతలు పడ్డ చంద్రుడే. మనది రాళ్ల ఊరు. ఒకదాని మీద ఒకటి పేర్చినట్టు నిలబడ్డ మన నల్లరాతి గుండ్ల వయసు సుమారు 250 కోట్ల ఏళ్లు. ఏ గ్రహం నుంచి వచ్చినవాడైనా దిగి చూడదగ్గ చోటే. మూడు బంగాళాదుంపలు ఒకదాని మీద ఒకటి గీయడం నాలుగున్నరేళ్ల చేతికి వస్తుంది. అన్న ఓడ వేస్తే చెల్లెలు రాళ్లు వేస్తుంది. ఒక కాగితం మీద ఇద్దరూ గొడవ పడకుండా ఉండే మార్గం నాకు తెలిసి ఇదొక్కటే.

ఆదివారం మధ్యాహ్నం ఖాళీ ఉంటే రాత్రి ఆకాశం వేయించండి, ఇల్లు కాస్త పాడవుతుంది. పాత క్యాలెండరు దీనికి పనికిరాదు, దాని నున్నటి కాగితం నీళ్లు పీల్చదు. డ్రాయింగు షీటే కావాలి. ఓడను క్రేయాన్లతో ఒత్తి ఒత్తి, ఎక్కడా తెల్ల సందు లేకుండా నింపమనండి. తెల్ల క్రేయానుతో ఆకాశమంతా చుక్కలు పెట్టమనండి. తెల్ల కాగితం మీద తెల్ల చుక్కలు కనిపించవు, 'తాతయ్యా, పడటం లేదు' అంటారు, మీరు ఏమీ తెలియనట్టు ఉండండి. తరువాత నల్ల రంగు బిళ్లను నీళ్లలో బాగా పల్చగా కలిపి, వెడల్పు కుంచెతో కాగితమంతా ఒక్కసారి పూయమనండి. క్రేయానులోని మైనం నీటిని అంటనివ్వదు. చుట్టూ చీకటి పడుతుంది, ఓడ వెలుగుతుంది, ఇంతసేపూ కనిపించని చుక్కలన్నీ ఒక్కొక్కటే బయటికి వస్తాయి. రంగు చిక్కగా కలిపితే అన్నీ మునిగిపోతాయి, జాగ్రత్త. స్కెచ్ పెన్ను గీతలు నీళ్లకు కరిగి కారుతాయి కనుక ఈ ఒక్క బొమ్మకు అవి వద్దు. మీరు పాత బనియను వేసుకోండి.

ఆ చుక్కలు చూశాక అసలు చుక్కలు కావాలంటారు. నౌబత్ పహాడ్ మీది బిర్లా ప్లానెటేరియం ఉంది కదా, 1985లో ఎన్.టి. రామారావు ప్రారంభించినది. తెలుగు ప్రదర్శన ఏ వేళకో కనుక్కుని వెళ్లండి. లోపల చీకటి పడగానే చిన్నది భయపడవచ్చు, ఒళ్లో కూర్చోబెట్టుకోండి. ఇంటికొచ్చాక ఆ గుమ్మటాన్నే ఓడ చేసి ఎగరేస్తారని నా అంచనా.

చివరికి మీకొక పని మిగిలింది, అది మీకు బాగా వచ్చిన పనే. ఓడలోంచి దిగినవాడు ఏదో మాట్లాడాలి కదా, వాడి నోటి దగ్గర మబ్బులాంటి ఒక గుండ్రం గీయించి లోపల ఖాళీ ఉంచండి. ఏ భాషలో మాట్లాడతాడని పిల్లలు అడిగితే, తెలుగులో అని నిస్సంకోచంగా చెప్పండి. 1977లో అమెరికా వదిలిన వాయేజర్ నౌకలు రెండింటిలోనూ ఒక బంగారు పూత రికార్డు ఉంది. అందులో 55 భాషల్లో పలకరింపులు ఉన్నాయి, తెలుగు వాటిలో ఒకటి. జవాబు ఇంకా రాలేదు, వస్తే తెలుగులో రావచ్చు. ఆ జవాబు ఏమిటో మనవరాలు చెబుతుంది, ఆమెకింకా రాయడం రాదు, మీరు రాయండి. ఆమె ఎలా చెబితే అలాగే, వాక్యం సరిచేయకుండా, మీ బ్యాంకు దస్తూరీతో. కాగితం వెనక తేదీ వేసి పెట్టండి.